సినిమా హాలు దగ్గర ఎడమకు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ముందు కువైట్ చేరుకున్నది మా అత్త నోరు.

ఏప్రిల్ మొదట్లో ఆశా వర్కర్ వెంగమ్మ ఫోను చేత్తో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో మళ్లీ రాసి పంపమని పైనుంచి చెప్పారట. మా అత్త దేవకమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"నేనొకదాన్ని రాసుకో. పెద్దోడు సురేశ్‌బాబు, వాడి పెండ్లాం రమణి. చిన్నోడి పెండ్లాం అంజలి. అంతే."

"చిన్నోడు మోహన్‌కృష్ణ?"

"వాడు కువైట్‌లో ఉండాడు."

కువైట్‌లో ఉన్న మోహన్‌కృష్ణ అదే వసారాలో గోడవారగా పీట వేసుకుని రాగిసంకటి తింటున్నాడు. ముద్ద నోటిదాకా పోయి ఆగింది. వెంగమ్మ అతని వంక చూసి, మా అత్త వంక చూసింది.

"ఈడే ఉండాడు గదక్కా."

"ఈరోజు ఉండాడులే. జూన్‌లో పోతాడు. అప్పుడు మళ్లీ నిన్ను పిలిచి మార్పిచ్చాల్నా? ఇప్పుడే రాసేసుకో, ఒక పనైపోతాది."

ఆ రమణిని నేనే. నాకు ఒళ్లు మండిపోయింది. "అత్తా, ఇంకా జరగనిదాన్ని జరిగినట్టు రాయించకూడదు" అన్నాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. వెంగమ్మకు ఇంకా పది ఇళ్లు తిరగాల్సి ఉంది. మోహన్‌కృష్ణ పేరు తీసేసి వెళ్లిపోయింది. అతను మిగిలిన సంకటి తినేసి కంచం కడుక్కున్నాడు.

అంత కోపం ఎందుకంటే నా ఉద్యోగమే అది. తూము అని ఒకటి ఉంది. చెరువు తూము కాదు. వెబ్‌సైట్లు కట్టుకునేవాళ్ల కోసం బెంగళూరులో ఒక కంపెనీ తయారుచేసి ఊరికే ఇస్తున్న సరంజామా. ఇంజినీర్లు ఫ్రేమ్‌వర్క్ అంటారు. దాన్ని ఎలా వాడుకోవాలో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసిపెట్టడం నా పని. తెలుగు పేజీలు మన వైపు కాలేజీ పిల్లలు చదువుతారు. ఆత్మకూరులో మా మేడ మీద గదిలో కూర్చుని ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నాను. మా ఆయన పొద్దున్నే సోమశిల ప్రాజెక్టులో డ్యూటీకి వెళ్లిపోతాడు కాబట్టి నా విసుగంతా పగలు నా గదికీ, ఆ తర్వాత మా అత్తకీ దక్కుతుంది.

రాయడం కష్టం కాదు. రాసిన తర్వాతే కష్టం. ఇంజినీర్లు ఒకచోట ఉన్నదాన్ని తీసి ఇంకోచోట పెడతారు. పేరు మారుస్తారు. నిన్నటిదాకా పనిచేసిన కమాండును పీకేసి, నాకు చెప్పడం మరిచిపోయి టీ తాగడానికి పోతారు. నేను రాసిన పేజీ మాత్రం ఉన్నచోటే ఉండి, నమ్మి వచ్చినవాడికి లేని గది చూపిస్తూ ఉంటుంది. వాడు నన్ను తిట్టుకుంటాడు. ఆ ఎండాకాలం తూము నాలుగో వెర్షన్ రాబోతోంది. జూన్ రెండో వారంలో విడుదల. ఇల్లంతా విప్పి మళ్లీ కట్టినంత మార్పు. నా పేజీలు అన్నీ తిరగరాసుకోవాలి.

మా మరిది సంగతి కూడా జూన్‌లోనే తేలాలి. మోహన్‌కృష్ణ నడిపే లారీని ఓనరు అమ్మేశాడు. మర్రిపాడు, బద్వేలు మీదుగా తిరిగే లోడ్లు తగ్గిపోయాయట. ఉదయగిరిలో గురుస్వామి అనే ఏజెంటు కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా వీసా చూశాడు. ఇక్కడే ఒక స్కూలు బస్సుకు డ్రైవరు కావాలన్నారు గానీ, ఆ ఒక్క జీతంతో వాళ్లిద్దరికీ గడవదు. కువైట్ అంటే తక్కువలో తక్కువ రెండేళ్లు. పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు. అంజలి ఏమీ అనేది కాదు. ఆ పిల్ల మామూలుగా గలగలా మాట్లాడే మనిషి, అందుకని ఆ ఏమీ అనకపోవడం ఇంట్లో అందరికీ వినిపించేది.

అంజలిది సీతారామపురం వైపు పల్లె. గొర్రెల మంద వెనక తిరుగుతూనే ఉదయగిరిలో బీకాం చదివింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఒంటరిగా కూరగాయలకు వెళ్లి, తిరిగొచ్చే దారి తెలియక మొగుడికి ఫోన్ చేసింది. సినిమా హాలు కాడ ఎడమకి తిరిగి, కాటా కాడ లోపలికి వచ్చెయ్యమన్నాడు. ఆ సినిమా హాలును కొట్టేసి చాలా కాలమైంది. ఆ చోట ఇప్పుడు మూడంతస్తుల బట్టల కొట్టు ఉంది. లారీలు తూచే కాటా బైపాసుకు పోయింది. పాపం ఈ పిల్ల రెండు సంచులు మోసుకుంటూ నెల్లూరు రోడ్డు చివరిదాకా నడిచి, అక్కడినుంచి మళ్లీ ఫోన్ చేసింది.

"మీ ఊర్లో సినిమా హాలే లేదు" అందట ఏడుపు గొంతుతో.

"లేదులే. అందరికీ తెలుసు గదా" అన్నాడట మా మరిది.

ఆ మాట చెప్పుకుని ఆ ఏడాదంతా నవ్వుకున్నాం. నిజానికి మాకు అందులో వింత ఏమీ కనపడదు. మా ఊళ్లో ఎవరిని దారి అడిగినా ఇలాగే చెబుతారు.

అంజలి నా పనిలోకి వచ్చింది ఒక బస్సు వల్ల. తూము నేర్చుకునేవాళ్ల కోసం నేను రాసిన మొదటి పాఠంలో, బస్సు వేళలు చూపించే చిన్న వెబ్‌సైటు ఎలా కట్టాలో ఉంటుంది. ఒక మధ్యాహ్నం నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా వెనక నిలబడి తెర మీదిది చదివింది.

"అక్కా, ఇందులో తప్పుండాది."

"ఎక్కడ?" అన్నాను తిరక్కుండానే. పైన ఎండ, లోపల ఇంజినీర్లు. నా తల వేడిగా ఉంది.

"సీతారామపురానికి సాయంత్రం బస్సు రాసినావు. అది తీసేసినారు గదా."

"అది ఉదాహరణే అంజలీ. ఏదో ఒక బస్సు."

"ఉదాహరణ అయితే మాత్రం? మా ఊరోళ్లు ఎవరన్నా చదివి, నమ్మి, ఉదయగిరి బస్టాండులో కూర్చుంటే ఆ రాత్రికి యాడ పడుకోవాల?"

వాళ్ల ఊరోళ్లు ఫ్రేమ్‌వర్క్ డాక్యుమెంటేషన్ చదివి బస్సెక్కరని చెప్పబోయాను. అంతలోనే తట్టింది. సరిగ్గా ఇలాంటి మనిషి కోసమే నేను బెంగళూరును అడుగుతున్నాను. పేజీలో ఉన్నది నమ్మి, నమ్మినదాన్ని చేసి చూసి, అది జరక్కపోతే నిలదీసే మనిషి. మా మేనేజరు విజయకుమారి గారికి ఆరోజే ఫోన్ చేశాను. ఆమెది గుంటూరు. వేరే టీము నుంచి కొత్తగా మా టీముకు వచ్చింది. తూము గురించి ఇంకా ఏమీ తెలియదు. విడుదల దాకా అంజలి పేజీలు తనిఖీ చేసేట్టు, అంతా సవ్యంగా జరిగితే పక్కా ఉద్యోగం ఇచ్చేట్టు ఒప్పుకుంది.

ఆ సాయంత్రం మోహన్‌కృష్ణ మేడ మీదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, ఆ ఉద్యోగం గాని వస్తే నేను స్కూలు బస్సుకు ఒప్పుకుంటా. గురుస్వామికి జూన్‌లో టికెట్ తీసేలోపు చెప్పాలంట."

"వస్తుందిలే" అన్నాను.

"వస్తాదని అమ్మకు మాత్రం చెప్పొద్దు. మళ్లీ ఎవురితోనన్నా రాపిచ్చేస్తాది."

అలా మొదలైంది. నేను అంజలికి ఒక్కటే నియమం చెప్పాను. పేజీలో ఏం రాసి ఉంటే అదే చెయ్యి, ఒక్క పిసరు కూడా సొంత తెలివి వాడొద్దు. ఆ నియమం పెట్టినందుకు మర్నాడే నా చెంపలు నేనే వేసుకోవాల్సి వచ్చింది. పొద్దున కూర్చున్న పిల్ల భోజనం వేళకూ అదే లైను దగ్గర కూర్చుని ఉంది.

"ఏమైంది?"

"సర్వర్ మొదలుపెట్టండి అని రాసినావు. ఎట్ట మొదలుపెట్టాలో చెప్పలేదు."

"రెండు పేజీల ముందు చెప్పాను కదా."

"ఆ పేజీ చదవకుండా నేరుగా ఈడికి వచ్చినోళ్లు ఉండరా? దారి మద్దెలో బస్సెక్కేవాళ్లను బస్టాండుకు పోయి ఎక్కి రమ్మంటామా?"

నాకు కోపం వచ్చింది. నేను రాసిందాన్ని ఎవరైనా తప్పంటే ముందు కోపం, తర్వాత అనుమానం, ఆ తర్వాత సిగ్గు వరసగా వస్తాయి. కోపం దగ్గర కాసేపు ఎక్కువ ఆగుతాను. ఆ మధ్యాహ్నమంతా ఆ పిల్లతో మాట్లాడలేదు. నాలుగింటికి పచ్చిమామిడి ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి పళ్లెం నా పక్కన పెట్టి పోయింది. నేను తిని, పేజీ దిద్దాను. మే నెలంతా మా మేడ మీద ఇదే తంతు. కింద నుంచి మా అత్త, "పైన ఏందమ్మే ఆ అరుపులు, పొలం గట్టు కాడ కొట్లాడినట్టు" అనేది. మోహన్‌కృష్ణ మాత్రం ఆ అరుపులు వినపడ్డ రోజు హుషారుగా ఉండేవాడు. తప్పులు దొరుకుతున్నాయని లెక్క.

రోహిణి కార్తె వచ్చేసరికి అంజలి చేయి తిరిగిపోయింది. ఇంజినీర్లు ఏం మార్చారో వాళ్లు నాకు చెప్పకముందే తను కనిపెట్టి చెప్పేది. తెలుగు పేజీలు చదివే పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా తనే రాసేది. నాకు గర్వంగా ఉండేది. నేను నీళ్లు పోసిన మొక్క అన్నట్టు బెంగళూరు వాళ్ల దగ్గర చెప్పుకునేదాన్ని. మొదటి పాఠం పేజీని తను పదేపదే చూసింది, నేనూ చూశాను. బాగుందనుకున్నాం.

కింద మా అత్త సంగతి వేరే. కొడుక్కి పెట్టె సర్దుతోంది. నువ్వుల పొడి, కరివేపాకు పొడి, కందిపొడి డబ్బాలకెత్తి మూతలకు గుడ్డ కట్టింది. కట్టినదాన్ని విప్పి వాసన చూసి మళ్లీ కట్టేది. ఒకసారి నన్ను పిలిచి, కువైట్‌లో వడియాలు ఎండుతాయా అని అడిగింది. ఎండడమే తప్ప అక్కడ ఇంకేమీ ఉండదత్తా అన్నాను. కళ్లు తుడుచుకుంది. వెంగమ్మతో అంత తొందరగా చెప్పేసింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఎటూ పోయేవాడు రోజూ కళ్ల ముందు తిరుగుతుంటే ఆమెకు భరించడం కష్టంగా ఉంది. ముందే పంపేసుకుంటే సగం ఏడుపు తీరుతుందని ఆమె ఆశ.

విడుదలకు ఒక వారం ఉందనగా విజయకుమారి గారు ఫోన్ చేసింది. బద్వేలులో వాళ్ల చెల్లెలి గృహప్రవేశం. నెల్లూరులో రైలు దిగి కారులో మా ఊరి మీదుగానే పోతోంది. ఒక గంట ఆగి, మొదటి పాఠం మా ముందు కూర్చుని తను స్వయంగా చేసి చూస్తానంది. నాకు సంతోషమేసింది. తూము తెలియని మనిషి, తెలుగు చదివే మనిషి. అంతకంటే మంచి పరీక్ష ఉండదు. ఆమె బాగుందంటే అంజలి ఉద్యోగం ఆరోజే ఖాయం. ఆమె వచ్చే రోజు మోహన్‌కృష్ణ ఇంట్లో ఉండలేక, పాస్‌పోర్టు పని ఏదో చూసుకొస్తానని ఉదయగిరికి బస్సెక్కేశాడు.

ఆమె కారు ఊళ్లోకి వచ్చేసరికి నేను వంటింట్లో గుత్తివంకాయ కూరతో ఉన్నాను. ఫోన్ అంజలి తీసింది.

"బస్టాండు దాటినాక సినిమా హాలు కాడ ఎడమకి తిరగండి మేడం. కాటా కాడ లోపలికి వస్తే నాలుగో ఇల్లు."

నేను పక్కనే ఉన్నాను. కూర కలుపుతూ ఆ మాటలు స్పష్టంగా విన్నాను. నాకేమీ తేడా అనిపించలేదు.

ఎంతసేపటికీ కారు రాలేదు. కూర చల్లారింది. మధ్యలో డ్రైవరు ఫోన్ చేశాడు, మళ్లీ అదే దారి మరింత గట్టిగా చెప్పింది అంజలి. చివరికి గేటు ముందు కారు ఆగి, ఎర్రగా కందిపోయిన మొహంతో విజయకుమారి గారు దిగింది.

"మీ ఊరివాళ్లు చాలా మంచివాళ్లండీ. సినిమా హాలు ఎక్కడా అని అడిగితే ఒక్కరు కూడా తెలియదనలేదు. అందరూ అక్కడే అని చెయ్యి చూపించారు. చూస్తే అక్కడ చీరలు అమ్ముతున్నారు. ఆ కొట్టు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం."

నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వులో ఎండ ఉంది. మా అత్త గబగబా మజ్జిగ ఇచ్చింది. ఆమె రెండు గ్లాసులు తాగి, ఫ్యాను కింద కుర్చీ వేసుకుని లాప్‌టాప్ తెరిచింది. నేనూ అంజలీ ఆమె వెనక నిలబడ్డాం. మొదటి పాఠం. లాప్‌టాప్‌లోకి తూము దింపుకోవడం అయింది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడం అయింది. తర్వాతి వాక్యం పైకే చదివింది.

"రూట్స్ ఫోల్డర్ తెరిచి అందులో బస్సుల ఫైలు పెట్టండి." తెర మీద వెతికింది. "ఇక్కడ రూట్స్ అని ఏ ఫోల్డరూ లేదే?"

"యాప్ ఫోల్డర్‌లో పెట్టండి మేడం" అంది అంజలి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"ఇందులో రూట్స్ అని ఉంది కదా?"

"అవును మేడం. రూట్స్ అనేది పాత వెర్షన్‌లో, ఇప్పుడు తీసేసినారు, ఆ చోట..."

అంజలి అక్కడ ఆగిపోయింది. తెర వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"సినిమా హాలు" అంది మెల్లగా.

నాలుగో వెర్షన్‌లో రూట్స్ ఫోల్డర్ లేదని నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. అన్నిటికంటే పెద్ద మార్పు అదే. తెలుసు కాబట్టే, పేజీలో రూట్స్ అని చదివిన ప్రతిసారీ మా చేతులు వాటంతటవే యాప్ ఫోల్డర్‌ను తెరిచాయి. పాఠం నడిచింది. నడిచింది కాబట్టి పేజీ బాగుందనుకున్నాం. ఊళ్లోవాళ్లం కదా, మాకు దారి తప్పలేదు.

"ఈ పేజీ ఎవరు చూశారు?" అని అడిగింది విజయకుమారి గారు.

"అది నేనే సరిగా..." అని నేను మొదలుపెట్టాను. అంజలి నా మోచేయి పట్టుకుంది.

"నేను చూసినాను మేడం. బాగుండాదని రాసింది నేనే." అంతటితో ఆపలేదు. "మొదట్లో నాకేమీ తెలీదు, అందుకే తప్పులు దొరికినాయి. ఇప్పుడు అన్నీ తెలిసిపోయినాయి. లేనిదాన్ని చదివినా ఉన్నదాని కాడికే పోతా ఉండాను. ఇట్ట చూసేదానికి నేను పనికిరాను మేడం. మిగతా పేజీల్లో కూడా ఇట్టాటివి ఉంటాయి."

వంటింటి గుమ్మంలో మా అత్త కరివేపాకు పొడి డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఫోల్డర్లు తెలియవు. పనికిరాను అన్న మాట మాత్రం తెలుసు. ఆ క్షణం ఆ పిల్లను చూస్తే నాకు ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. మొగుడు దేశం దాటకుండా ఆపగలిగిన ఒకే ఒక్కదాన్ని తన నోటితో తనే వదిలేసింది. అదీ ఒక పేజీ కోసం.

విజయకుమారి గారు లాప్‌టాప్ మూసింది. భోంచేసింది. వంకాయ కూర బాగుందంది. విడుదల అయ్యాక ఏ సంగతీ ఫోన్ చేసి చెబుతానంది. కారెక్కుతూ బద్వేలు రోడ్డుకు ఎటు పోవాలని అడిగింది.

"కాటా కాడ..." అని నోరు తెరిచి, అంజలి ఆగింది. గేటు దాటి వీధి మొగదాకా నడిచి వెళ్లి నిలబడి చూసి, తిరిగి వచ్చింది.

"మొగలో మందుల షాపుండాది మేడం, పచ్చ బోర్డు. ఆడ కుడికి తిరగండి. ఎదురుగా నీళ్ల ట్యాంకు కనపడతాది, నీలం రంగు. దాన్ని దాటితే పెద్ద రోడ్డు. రోడ్డెక్కినాక మర్రిపాడు అని రాసిన రాయి ఉండాదో లేదో నేను ఈమధ్య చూడలేదు. అందుకని అది చెప్పను."

విజయకుమారి గారు కారులో కూర్చోకుండా ఆ పిల్లను ఒకసారి తేరిపార చూసింది. సరేనమ్మా అని తలుపు వేసుకుంది.

కారు పోయాక మా అత్త అడిగింది. "ఉద్యోగం పాయనా?"

"తెలీదత్తా. పేజీలు మాత్రం మళ్లీ చూడాల, మొత్తం. తూము తెలీనోళ్లు చదవాల. నువ్వు చదవాల" అంది అంజలి.

"నేనా?"

మా అత్త చదువు ఐదో తరగతి. రోజూ పేపరు పైకి చదువుతుంది, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, వీధిలోవాళ్లకు కూడా వినపడేట్టు. ఆ వారమంతా ఆమెను మేడ మీద కూర్చోబెట్టాం. ఆమె పేజీ చదవాలి, అంజలి విన్నంతవరకే చెయ్యాలి. అలా అనుకుని మొదలుపెట్టాం గానీ ఆమె తన పద్ధతి పెట్టింది. చదివినది తెర మీద కళ్లతో చూస్తే గాని తర్వాతి లైనుకు పోనని కూర్చుంది.

"యాడుండాది ఈ ఫోల్డరు? చూపీ."

"ఇదిగో అత్తా."

ఆమెకు ఇంగ్లీషు రాదు. పేజీలో ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. చీరకు జాకెట్టు గుడ్డ పోల్చినట్టు ఒక్కో అక్షరాన్నీ పేజీలో చూసి, తెర మీద చూసి పోల్చేది. "దీంట్లో చివర కొక్కెం ఉండాది. దాంట్లో లేదు. ఇది అది కాదు."

"రెండూ ఒకటే అత్తా, కొత్త పేరు."

"ఒకటే అయితే ఒకటే రాయండి. నన్నెందుకు వెతికిస్తారు?"

తీసేసిన కమాండ్లు దొరికాయి. పాత పేర్లు దొరికాయి. బొమ్మలో నీలం బటన్ నొక్కమని రాసిన చోట ఆకుపచ్చ బటన్ దొరికింది. నేను కోప్పడడం కూడా మరిచిపోయి దిద్దుతూ కూర్చున్నాను. దొరికిన ప్రతిదానికీ అంజలి సినిమా హాలు అని పేరు పెట్టి బెంగళూరుకు పంపేది. రెండు రోజులకల్లా, ఆత్మకూరు మొహం చూడని ఇంజినీర్లు కూడా తమ కోడ్‌లో సినిమా హాలు ఒకటి దొరికిందని మాకు రాయసాగారు. సాయంత్రాలు మోహన్‌కృష్ణ మెట్ల మీద కూర్చుని వాళ్లమ్మ గొంతు వింటూ ఉండేవాడు. గురుస్వామికి ఇంకా ఏమీ చెప్పలేదు.

నాలుగో వెర్షన్ విడుదలైంది. మొదటి రోజు ఎవరూ తిట్టలేదు. రెండో రోజు పొదలకూరు వైపు పిల్లవాడెవడో, మొదటి పాఠం ఒక్క పట్టున పూర్తయిందని రాశాడు. అంజలి ఆ మాటను మా అత్తకు చదివి వినిపించింది. పూర్తి కాక ఏమైతాది, నేను చూసినాను గదా అంది మా అత్త.

మూడో రోజు పొద్దున విజయకుమారి గారు ఫోన్ చేసింది. అంజలి స్పీకర్ పెట్టింది.

"ఆరోజు బద్వేలు రోడ్డు ఎవరినీ అడక్కుండా ఎక్కామమ్మా. ఉద్యోగం నీదే. ఒకటే షరతు. నీకు బాగా తెలిసిన పేజీని నువ్వొక్కదానివే చూసి బాగుందని చెప్పకూడదు."

"చెప్పను మేడం" అంది అంజలి. "మా అత్త ఉండాది."

ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల నా భుజం మీద తల వాల్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మోహన్‌కృష్ణ లేచాడు. బయటికి పోయి గురుస్వామికి ఫోన్ చేసి వచ్చాడు. సర్దిన పెట్టె తెరిచి, కరివేపాకు పొడి డబ్బా తీసి, మూతకు కట్టిన గుడ్డ విప్పాడు. వసారాలో ఎప్పటి చోటే పీట వేసుకుని కూర్చున్నాడు. అంజలి వేడి అన్నం పెట్టింది.

మా అత్త ఇదంతా చూస్తూ నిలబడింది. తర్వాత నా ఫోనులో వెంగమ్మకు కలిపి ఇమ్మంది.

"వెంగమ్మా, ఏప్రిల్‌లో మా ఇంటిది తప్పు రాసుకున్నావు."

"నువ్వు చెప్పిందే గదక్కా రాసింది."

"ఎవురు చెప్తే ఏంది? మనిషి యాడుండాడో చూసి రాసుకోవద్దా? మార్చు. చిన్నోడు మోహన్‌కృష్ణ ఇంట్లోనే ఉండాడు."

అవతల వెంగమ్మ ఏదో అడిగింది. ఈసారి నిజమేనా అని కాబోలు. మా అత్త ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కొడుకు దగ్గరికి నడిచింది. పొడీ నెయ్యీ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న అతని భుజం మీద వేలు ఆనించింది, వారమంతా పేజీల మీద ఆనించినట్టే.

"ఉండాడు. ఇప్పుడే చూసినాను. రాసుకో."